వేరుపడ్డ తెర

హైదరాబాద్ పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉండే భాయ్, నేను కలిసి ఒక తెలుగు–ఉర్దూ నిఘంటువు తయారు చేశాం. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కోడ్ తీసుకుని బాగుచేయవచ్చు; పాడుచేసే బాధ్యత మాత్రం ఎక్కువగా నేనే మోశాను. మాటను వెతికి అర్థం తెచ్చే యంత్రాంగం భాయ్ రాశాడు. తెరమీద అది కనబడే తీరు, బొత్తాలు, రంగులు నావి. ఆయనది బుర్ర, నాది ముఖం. నా ముఖం చూసినవాళ్లెవరూ ఈ పంపకాన్ని ఒప్పుకోరు.

శుక్రవారం నమాజు అయ్యాక వాళ్ల పై గదిలో కూర్చుని, ఆ వారం ఇద్దరం రాసిందంతా ఒకే రిపోలో, కోడ్ దాచుకునే ఉమ్మడి కొట్టులో, కలిపేవాళ్లం. కలపగానే ఫోన్ వాళ్ల అమ్మీ చేతికి వెళ్లేది. ఆమెకు తెలుగు వినడం, మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పక్కింటామె నోట విన్న కొత్త మాటను ఫోన్‌కు చెప్పి, ఉర్దూలో అర్థం చదువుకునేది. ఉర్దూ కుడి నుంచి నడుస్తుంది కనుక నా బొత్తాలూ అటు తిరగాలి. తిరగకపోతే ఫోన్ నా ఒళ్లో పడేది.

"ఏంది బేటా, అంతా ఉల్టా పెట్టినవ్! అంగీ గూడ గిట్లనే తొడుక్కుంటవా?"

ఆమె ఊ అన్నాకే ఆ వారం పని అయినట్టు.

తరవాత దూరపు ఊళ్ల నుంచి కోడ్ రాసేవాళ్లు చేరారు. వాళ్లకు కావలసింది యంత్రాంగమే. నేను ఒక బొత్తం రంగు మార్చినా మొత్తం కోడ్‌కు తప్పులు పట్టే పరీక్షలు మొదటినుంచీ నడిచేవి. అంతసేపూ వాళ్ల పని ఆగేది.

"తమ్మీ, నీ తెరలకు వేరే రిపో పెడదాం," అన్నాడు భాయ్ ఒక శుక్రవారం, ల్యాప్‌టాప్ మీంచి కళ్లెత్తకుండా. "రోజు లొల్లి అయితుంది. నీకు గూడ ఆరామ్ ఉంటది."

"వేరు కాపురమా భాయ్?"

"గట్ల కాదు యార్. మస్తు ప్రాజెక్టులు గిట్లనే చేస్తయి."

"మరి శుక్రవారం?"

"కలుపనీకి ఏముంటది ఇంక?"

ఆయన చెప్పింది సరైన పద్ధతే. వాదించడానికి నా దగ్గర ఆ శుక్రవారాలు తప్ప వేరే కారణం లేకపోయింది.

కొత్త రిపోలో నేనే రాసి, నేనే పరిశీలించి, నేనే ఆమోదించేవాణ్ణి. ఇంత ఏకాభిప్రాయం మా ఇంట్లో కూడా ఎన్నడూ ఎరగను.

వానాకాలంలో అమ్మీ ఫోన్ చేసింది. "మాట చెప్తే ఖాళీ వస్తుంది బేటా. వాణ్ణడిగితే అది నా దాంట్లది కాదంటుండు."

చూశాను. యంత్రాంగం జవాబు పంపే తీరు మార్చారు. ఒకే రిపోలో ఉన్నప్పుడైతే, అలా మార్చినవాళ్లు నా తెరనూ సరిచేస్తేనే వాళ్ల మార్పు పరీక్ష దాటేది. ఇప్పుడు ఆ అవసరం ఎవరికీ లేదు. భాయ్ రిపోలో ఫిర్యాదు రాశాను, ఇంగ్లీషులో, ముక్కూమొహం తెలియనివాడిలా. ఆయన జవాబూ అలాగే వచ్చింది: తెలియజేసినందుకు ధన్యవాదాలు, ఇది తెరకు సంబంధించిన సమస్య, దయచేసి ఆ రిపోలో రాయగలరు. ఆ రిపోలో ఉన్నది నేనొక్కణ్ణే. రాసుకున్నాను. మర్యాదగానే బదులిచ్చుకున్నాను.

సరిచేసి వాళ్లింటికి వెళ్లాను. అమ్మీ ఫోన్‌తో "ముసురు" అంది. అర్థం కుడివైపున వచ్చి నిలిచింది. పైనుంచి భాయ్ గొంతు వినబడుతోంది. దూరపు వాళ్లతో ఇంగ్లీషులో ఏదో నవ్వుతూ చెబుతున్నాడు.

"పైకి పోవా?" అంది అమ్మీ.

"పనిల ఉన్నడు అమ్మీ."

"వాని పని నీతోనే గద?"

"ఇప్పుడు కాదు," అని చెప్పులు తొడుక్కున్నాను.