బావ ఫోన్‌కి నేను పెట్టిన కాపలా

మనుషుల వేలి కొనల మీద గీతలు గీసి, ఒకరివి ఇంకొకరికి కలవకుండా చేసిన దేవునికి స్తోత్రం. మనసులో దాచుకున్న మాటను ఏ తాళమూ తీయకుండానే వినే ఆయనకే మహిమ. ఆయన అలా వింటాడని సండే స్కూల్లోనే నేర్చుకున్నాను. పోయిన ఏడాది తర్వాతే ఆ మాట నాకు బరువుగా తగిలింది.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు కెమెరాలు, హాజరు మిషన్లు బిగించడం నా పని. యంత్రాలంటే పిచ్చి. పాడైపోయినవి ఇంటికి తెచ్చుకుని విప్పి చూస్తుంటాను. ఫోన్‌లో వేలు పెట్టే చోట ఫోటో తీస్తుందని చాలామంది అనుకుంటారు. చాలా ఫోన్లలో అది ఫోటో కాదు. వేలి గీతల గట్టుకూ పల్లానికీ మధ్య ఉండే రవ్వంత కరెంటు తేడాను కొలుస్తుంది. ఆ గట్లే అరిగిపోతే దానికి మనిషి లేనట్టే.

మా అక్క భర్తకు అవి అరిగిపోయాయి. ఇరవై ఏళ్లు మందుల కంపెనీలో రియాక్టర్లు కడిగిన చేతులు ఆయనవి. హాజరు మిషన్ మీద వేలు పెడితే ఎర్ర లైటే వచ్చేది. వెనక లైన్లో వాళ్లు, "ఏందన్నా, వేళ్లు ఇంట్ల మర్చి వచ్చినవా?" అని నవ్వేవాళ్లు. కొత్త ఫోన్ కూడా ఆయన వేలిని గుర్తుపట్టలేదు. అందుకని నాలుగంకెల నంబరు పెట్టుకోమన్నాను.

మా చర్చి సంఘంలో కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కొక్కరూ పళ్లెంలోంచి ఒక వాగ్దానం కార్డు తీసుకుంటారు. అందులోని బైబిలు వాక్యం ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట. దాన్ని అందరి ముందు చదవాలి. ఫోన్ల జాగ్రత్తలు చెప్పే పని సంఘంలో నాది. "పుట్టిన తేదీలు పెట్టకండి. మీ కార్డు మీది అధ్యాయం, వచనం అంకెలు కలిపి పెట్టుకోండి, మర్చిపోరు. తిప్పి పెట్టుకుంటే ఇంకా మంచిది" అని చెప్పాను. అందరూ విన్న నంబరు తాళం ఎట్లా అవుతుందో అప్పుడు నాకు తట్టలేదు. ఆ రోజే ఒకామె తన కార్డు పళ్లెంలో వేసి ఇంకోటి తీయబోతే, లేచి నిలబడి, వచ్చిన కార్డు మార్చుకోవడం అవిశ్వాసం అన్నాను. పాస్టరు అయ్యగారు మెచ్చుకున్నారు.

బావ ఫోన్లో ఇంకో కాపలా కూడా పెట్టాను. పదిసార్లు తప్పు నంబరు కొడితే లోపలున్నదంతా చెరిగిపోతుంది. కాపీ ఏదీ నెట్‌లోకి ఎక్కకుండా అది కూడా ఆపేశాను.

"దొంగకు ఖాళీ డబ్బా దొరుకుతది బావా" అన్నాను.

"నా ఫోన్ల ఏమున్నదిరా బామ్మర్ది, దొంగలు ఎత్తుకపోనీకి!"

బావ నలుగురిలో మాట్లాడటానికి సిగ్గుపడే మనిషి. దేవుడు తనకు చేసిన మేలును సంఘంలో లేచి చెప్పడాన్ని సాక్ష్యం అంటాం; ఆయన ఎన్నడూ చెప్పలేదు. పోయిన వానాకాలంలో ఒకరోజు అక్కతో, "వచ్చే ఐతారం నేను లేస్తనే. కంపెనీ బస్సుల కూసోని ఫోన్ల రికార్డు చేసుకుంట నేర్చుకుంటున్న" అన్నాడట. ఏం చెప్తావని అక్క అడిగితే, "ఆడనే ఇను" అన్నాడట. శుక్రవారం డ్యూటీలో గుండె ఆగింది. సంగారెడ్డి ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదు. సాక్ష్యం చెప్తానన్న ఆదివారం నాడే మట్టికిచ్చాం.

అక్క నన్ను అడిగింది ఒక్కటే. "ఆయన ఏం చెప్పాలనుకున్నడో ఇనాలె తమ్మీ. నీకు ఇవన్ని వస్తయి గదా."

ఒక మధ్యాహ్నం ఆమె ఇంట్లో కూర్చున్నాం. అక్క, మేనకోడలు, అయ్యగారు, నేను. బావ ఆరాధనలో చదివిన కార్డు నాకు గుర్తుంది. ఆ నంబరు కొట్టాను, కాదంది. అంతకు ముందు ఏడాది కార్డు కూడా కాదు. బావకు ఇష్టమైన వాక్యాలని అయ్యగారు మూడు చెప్పారు. మేనకోడలు నాలుగు చెప్పింది. ఎవరికి ఇష్టమైనవి వాళ్లు చెప్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. తప్పు కొట్టిన కొద్దీ ఫోన్ ఎక్కువసేపు ఆగమంటోంది. తొమ్మిది తప్పులయ్యేసరికి పొద్దు వాలింది.

అప్పుడు అక్క నేల చూస్తూ అంది, "నాది కొట్టి చూడు తమ్మీ. నా కార్డుది."

"నీదెందుకు పెట్టుకుంటడక్కా? ఎవరి వాగ్దానం వాళ్లదే."

అయ్యగారు తలూపారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ తన కార్డు నంబరునే తిప్పి పెట్టి ఉంటాడు, నేను చెప్పిన మాట జవదాటే మనిషి కాదు అనుకున్నాను. పదోసారి, ఆ అంకెలు తిప్పి కొట్టాను.

తెర నల్లగా అయింది. కాసేపటికి తెల్లగా వెలిగి, ఒక్కో భాషలో స్వాగతం పలకడం మొదలుపెట్టింది. ఆఖరికి, మీ భాష ఎంచుకోండి అంది.

అట్లా చెరిగినదాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. దాన్ని చదివించే లోపలి తాళంచెవే మిగలదు. అది నాకంటే బాగా ఆ గదిలో ఎవరికీ తెలియదు.

అయ్యగారు వెళ్లిపోయాక అక్క చెప్పింది. "ఆ దినం నాకొచ్చిన కార్డుల ఏడ్పు మాట ఉండె. భయపడ్డ. ఇంటికొచ్చినంక మీ బావ, 'గా కార్డు నాకియ్యి, నా మంచి మాట నువ్వు పెట్టుకో' అన్నడు. మార్చుకుంటె అవిశ్వాసమంటివి. అయ్యగారి ముంగట ఎట్ల చెప్పాలె?"

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ నంబరుతో ఫోన్ తెరుచుకునేదా అంటే నేను చెప్పలేను. అక్కకు మాత్రం అనుమానం లేదు. ఆ ఖాళీ ఫోన్‌కి ఇప్పటికీ రోజూ ఛార్జింగ్ పెడుతుంది.

దీన్ని చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో పాటు అడగండి. దేవా, బస్సులో కూర్చుని ఆయన మెల్లగా చెప్పుకున్నది నువ్వు విన్నావు. ఒక్క మాటైనా మా అక్కకు వినిపించు. నా ముందు నిజం చెప్పడానికి నా సొంత మనుషులే భయపడేలా చేసింది నాలో ఏముందో, దాన్ని తీసివేయి. ఆమేన్.