జడ్సన్ తాతయ్య బాగుచేసిన పాట

సముద్రం హోరు మరీ ఎక్కువైందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, మా జడ్సన్ తాతయ్య స్క్రూడ్రైవర్ పట్టుకుని తీరం వెంట ఉన్న కార్నిష్ రోడ్డుకి వెళ్ళి, నీళ్ళలో చెయ్యి పెట్టి తగ్గించి వస్తాడు. దోహాలో ఆయన చేతికి లొంగని శబ్దం లేదు. ఒక్క పాట తప్ప.

ఉమ్ ఘువైలినా పేటలో టీకొట్టు పక్కన ఆయనది ఇరుకు రిపేరు షాపు. శుక్రవారం తెలుగు ప్రార్థన కూడికకు మైకులు పెట్టేదీ ఆయనే. పాస్టరు గొంతు ఒక స్పీకర్లో మాయమైతే ఆ పక్క బెంచీలన్నీ కునుకు తీస్తాయి. అందుకే రెండు వైపులా సమానంగా వినిపించాలన్నది తాతయ్యకు పదకొండో ఆజ్ఞ.

ఒకరోజు హైదరాబాదు అమ్మాయి మెహ్విష్ వచ్చింది. చనిపోయిన తండ్రి రికార్డు ప్లేయరు, స్పీకర్లు, ఒక రికార్డు తెచ్చింది.

“తిరుగుతలేదు అంకుల్. ఈ వారంలనే ఇల్లు ఖాళీ చేస్తున్నం. అబ్బా ఉన్న గదిల ఆయన పాట ఒక్కసారి వినాలె.”

తాతయ్య బెల్టు మార్చి పాట పెట్టాడు. ఏదో పాతకాలపు బ్రిటిష్ బ్యాండుది. సైకెడెలిక్ రాక్ అంటారట. గిటారు ఎడమ స్పీకర్లో మొదలై, మెల్లగా జారి కుడి స్పీకర్లో తేలింది. మళ్ళీ వెనక్కి పోయింది. తాతయ్యకు చెమటలు పట్టాయి. ఎక్కడో వైరు వదులైంది! పొద్దంతా వెతికాడు, దొరకలేదు. చివరికి లోపల రెండు వైపుల వైర్లూ కలిపి అతికేసి, గిటారును ఎటూ కదలకుండా నిలబెట్టాడు. ఇక ఆయన మీసం మెలేసిన తీరు చూడాలి.

ఆ సాయంత్రమే అన్నీ ఇంటికి పట్టుకెళ్ళిన మెహ్విష్, మర్నాడు మళ్ళీ మోసుకుంటూ తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“పాటను ఏం చేసిన్రు అంకుల్? మా అబ్బా నన్ను రెండు స్పీకర్ల నడుమ కూసోబెట్టి, ‘అగో, అటు పోయింది, పట్టుకో’ అనేటోడు. ఇప్పుడు ఎటూ పోతలేదు.”

“అంటే... అది లోపం కాదా అమ్మా?”

“పాటే గట్ల ఉంటది అంకుల్!”

తాతయ్య సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి తన అతుకు తానే విప్పాడు. స్పీకర్ల నడుమ స్టూలు వేసి ఆమెను కూర్చోబెట్టాడు. గిటారు అటు పోయింది. మెహ్విష్ తల అటు తిరిగింది. ఇటు వచ్చింది, ఇటు తిరిగింది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. కౌంటరు వెనక తాతయ్య తల కూడా అటూ ఇటూ తిరుగుతోంది.

“యల్లా, ఇగ బయల్దేరుత అంకుల్, గది ఇంకా మా చేతుల ఉన్నప్పుడే పోతా,” అని ఆమె టాక్సీ ఎక్కింది. సామాను తాతయ్యే మోశాడు.

నేను ఇదంతా రాసి, చదివి వినిపించి, మొదట్లో సముద్రం సంగతి ఉంచాలా తియ్యాలా అని అడిగితే, తాతయ్య తలెత్తకుండానే అన్నాడు:

“తీసెయ్యవే. వాళ్ళ నాన్న పాటనే చెడగొట్టినోణ్ణి, సముద్రం జోలికెందుకు నాకు?”