జిమ్మీకి గడ్డ, నాయనకూ గడ్డ

మా కుక్క జిమ్మీకి పక్కటెముకల మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. మా నాయన కొన్నాళ్లుగా దానికి పసుపూ సున్నమూ కలిపి పూస్తున్నాడు. పూసిందంతా అది నాకేస్తోంది. గడ్డ తగ్గలేదు కానీ మూతికి పారాణి పెట్టినట్టయింది. చివరికి ఈ రోజు ఆళ్లగడ్డ నుంచి ఆటో మాట్లాడుకుని నంద్యాలలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. దారి పొడుగునా నాయన ఆ గడ్డ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

డాక్టరు సూది గుచ్చి పరీక్ష చేశాడు. జిమ్మీ కనీసం మూలగలేదు.

"ఇది ఉత్త కొవ్వు గడ్డ, పెద్దాయనా. భయం లేదు," అన్నాడు.

నాయన తల ఊపి, నిదానంగా చొక్కా పైకెత్తాడు. ఆయనకూ పక్కటెముకల మీద అంతే గడ్డ, దాని మీద అదే ఎర్ర పూత. ఆయన చొక్కాలకు అంటిన ఎర్ర మరకలకు మా అమ్మ ఇన్నాళ్లూ కుక్కను తిడుతోంది.

"దీన్ని గూడా రోంత చూడప్పా."

"నేను పశువుల డాక్టర్ని, పెద్దాయనా."

"తెలుసులేప్పా. దానికి చూసినట్టే చూడు."

డాక్టరు చెయ్యి వెయ్యలేదు. రేపే మనుషుల ఆసుపత్రికి పొమ్మన్నాడు. సూదంటే భయపడే నాయన ఇంటికొచ్చాక ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద.

"జిమ్మీ నా పక్కన ఉండాల. అది పక్కనుంటే నేనూ మూలగను."

నంద్యాలలో కుక్కను లోపలికి రానిచ్చే మనుషుల డాక్టరు ఎవరైనా ఉంటే చెప్పండి. నేను నవ్వులాటకు అడగడం లేదు.