భూమవ్వ తొక్కిన బ్రేకు

నిజామాబాదు బస్టాండు వెనక రాజలింగు మెకానిక్ షెడ్డు, దాని పక్కనే నా లేత్ మిషను. రాజలింగు చేతిలో ఎంత పనితనం ఉందో నోట్లో అంతకు రెండింతలు దురుసుతనం ఉండేది. ఒకరి మాట వినడం ఆయనకు పుట్టుకతోనే రాలేదు. భార్య భూమవ్వ ఏదైనా చెప్పబోతే "నీకేం తెల్సు, నడువు" అనేవాడు. వినే నాకు ఒళ్లు మండేది.

అరవై మూడులో చందూర్ దగ్గర చెరకు వేసే కోస్తా రైతు రామకోటేశ్వరరావు గారు తన పాత సీమకారు తెచ్చారు. దాని బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేసేవి. పెడల్ మీద లేచి నిలబడినా ఆ బండి తనకు తోచినప్పుడే ఆగేది. బోధన్ దారిలో ఓ చెరకు బండిని గుద్దాక ఆయనకు భయం పట్టుకుంది.

"కడ్డీలు పీకేసి ఆయిల్ బ్రేకులు పెడ్త సారూ. కాలు ఆనిస్తే ఆగాలె" అన్నాడు రాజలింగు ఛాతీ విరుచుకుని. మా ఊళ్లో అంతవరకు ఆ పని చేసినవాడు లేడు.

పాత జీపు సిలిండర్లు సంపాదించాడు. వాటికి కావలసిన ముక్కలు నేను లేత్ మీద తీసిచ్చాను. నాలుగు చక్రాలకూ గొట్టాలు లాగాడు. పని చూడముచ్చటగా ఉంది, కానీ పెడల్ తొక్కితే దూదిలో దిగినట్టు దిగిపోతోంది. గొట్టాల్లో గాలి మిగిలితే అంతే. దాన్ని తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి. రెండోవారు చక్రం దగ్గర నిపుల్ అనే చిన్న మరను విప్పి, గాలి పోగానే బిగించాలి. బిగించాకే పైవారు కాలు తీయాలి.

పొద్దున్నుంచి నాచేత తొక్కించాడు. గాలి పోలేదు. పైగా నన్నే తిట్టాడు. నేనూ రెండు మాటలని దిగిపోయాను. అంతలో రావుగారు వచ్చారు.

"సాయంత్రం దాకా చూస్తానయ్యా. కాకపోతే లారీకి కట్టి హైదరాబాదు లాక్కుపోతాను" అన్నారు.

అదే జరిగితే రాజలింగుకు ఇక పెద్ద పని ఇచ్చేవాడుండడు. అన్నం గిన్నెతో వచ్చిన భూమవ్వను చూసి "ఎక్కి తొక్కు" అన్నాడు. ఆమె చెప్పులు విడిచి కారెక్కింది. రాజలింగు పానాతో కారు కిందికి దూరాడు. "తొక్కు" అంటే తొక్కింది, "ఇడువు" అంటే విడిచింది. మళ్లీ తొక్కింది. ఈసారి "ఇడువు" అన్నా కాలు తీయలేదు.

"ఇనవడ్తలేదా? ఇడువు!"

"మూసినవా?"

"నీకేం తెల్సు!"

"నా కాలికి తెల్సు. ఇందాక నేను ఇడిసినంక మూసినవు. గాలి మల్ల లోపటికే గుంజుకున్నది. మూసిన్నని చెప్పు, అప్పుడిడుస్త."

పానా విసురుతాడేమోనని నేను లేచి నిలబడ్డాను. కారు కింద నిపుల్ బిగిస్తున్న చప్పుడైంది. "మూసిన" అని సన్నగా వినిపించింది. ఆమె కాలు తీసింది. నాకు ఈలవేయాలనిపించింది.

అలాగే నాలుగు చక్రాలూ అయ్యాయి. పెడల్ కిందికి దిగడం మానేసింది. "గిప్పుడు గట్టిగున్నది" అంది భూమవ్వ.

సాయంత్రం రావుగారు కారు చుట్టూ తిరిగి, "ఏవయ్యా, ఆగుద్దంటావా? ఆడోళ్లూ పిల్లలూ ఎక్కే బండి" అన్నారు.

ఇక కోతలు మొదలవుతాయనుకున్నాను. రాజలింగు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"గామెను అడుగుండ్రి సారూ."

"ఆగుతది. ఎక్కుండ్రి, నేను గూడ వస్త" అని భూమవ్వ వెనక సీట్లో కూర్చుంది. బోధన్ రోడ్డు మీద రావుగారు బ్రేకు వేశారు. కారు ఉన్నచోటే నిలిచింది.

ఆ తర్వాత షెడ్డులో ఏ బ్రేకు పనికైనా భూమవ్వే తొక్కేది. ఓసారి ఆమె మాక్లూర్‌లోని పుట్టింటికి వెళ్లింది. ఓ లారీ యజమాని లోడు పాడైపోతుందని, తానే తొక్కుతానని రాజలింగును బతిమాలాడు.

"నీ కాలు నాకెర్కలేదు" అన్నాడు రాజలింగు. "రేపు ఆమె వస్తది. రేపు రా."