గుంత మరవని పిల్లి

పోయిన ఆదివారం, హిందూపురంలో మా ఎదురింట్లోకి కొత్తగా దిగిన అమ్మాయి ఓ ప్లాస్టిక్ తొట్టి చంకన పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. తొట్టి నిండా బెంగళూరు నుంచి తెప్పించిన పిల్లి ఇసుక, మల్లెపూల వాసనతో. వాళ్ల పిల్లి అందులో తప్ప ఇల్లంతా పోస్తోందట. "మీరు పిల్లిని పెంచినారంట కదా ఆంటీ, ఏం చేయాలో చెప్పండి" అంది. నేను పెంచింది ఒక్క పగలూ ఒక్క రాత్రీ. ఆ సంగతి చెప్పకుండా కాఫీ కలపడానికి లోపలికి పోయాను. ధర్మవరంలోని మా మామ గుర్తొచ్చాడు.

మామంటే మా మేనత్త భర్త. పట్టుచీరలు నేసేవాడు. వాళ్ల నడింట్లో గుంత మగ్గం ఉండేది. నేల మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి తొక్కే మగ్గం అది. మగ్గం మీది పడుగు దారాలు కొరికే ఎలుకల కోసమని తెచ్చిన బూడిదరంగు పిల్లి మెల్లగా ఇంటి మనిషైపోయింది. గడప దాటి ఎరగదు. గుంతలో ఓ మూల మెత్తటి మన్ను ఉండేది. పొద్దున్నే మామ కంటే ముందు అందులోకి దిగి, పని కానిచ్చి, మన్ను కప్పెట్టి, ఏమీ ఎరగని పెద్దమనిషిలా వచ్చి కూర్చునేది. మామ ఆ మన్ను ఎత్తి పారేసి, కొత్తది పోసి, అప్పుడు కాళ్లు దించేవాడు. "మా ఇద్దరివీ షిఫ్టులు వేరే పాపా" అనేవాడు నాతో.

మరమగ్గాలొచ్చాక మామ చీరను అడిగేవాళ్లు కరువయ్యారు. మగ్గం విప్పి అమ్మేసి, చీరలంగట్లో మడతలు పెట్టే పనికి కుదిరాడు. అత్త గుంత పూడ్పించి తెల్ల టైల్స్ వేయించింది. పెళ్లయిన నాటి నుంచీ ఆ నేలను పేడతో అలికి అలికి చేతులు అరిగిపోయిన మనిషి. టైల్స్ వేసిన రోజు వట్టి కాళ్లతో ఊరికే అటూ ఇటూ నడిచి మురిసిపోయింది. ఆమెను తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. మర్నాడే పిల్లి సరిగ్గా గుంత ఉన్న చోటికి వచ్చి, టైలు మీద పోసి, లేని మన్నును కాలితో గీకి గీకి కప్పబోయింది. ఆ చప్పుడుకు మామ అన్నం కలపడం ఆపేశాడు.

తర్వాత చేయని ప్రయత్నం లేదు. బేసిన్లో చిత్రావతి ఏటి ఇసుక పోశారు, వరిపొట్టు పోశారు, బూడిద పోశారు. పిల్లి వాసన చూసి వెనక్కి తిరిగేది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, "రోగమేం లేదు. కొట్టొద్దండి, ఫినాయిల్ వాడొద్దండి, అది పోసే చోటే తొట్టి పెట్టి అలవాటైన మన్ను పోయండి" అన్నాడు. టైల్స్ వేసేటప్పుడు తవ్వి తీసిన ఆ అలవాటైన మన్ను ట్రాక్టరెక్కి ఎప్పుడో పోయింది. మామ ఊరి బయట ఆ మన్ను పోసి ప్లాట్లు చదును చేసిన చోటికి పోయి, వెతికి, ఓ సంచి నింపుకొచ్చాడు.

"అదే మన్నా మామా?"

"యాడ తెలుస్తాది పాపా. మన్నుకు ఆనవాలుంటాదా."

పిల్లి ఆ తొట్టినీ వాసన చూసి, పక్కనే టైలు మీద పోసింది.

అత్త ఇంట్లో కూర్చుని ఊళ్లోవాళ్ల చీరలకు కుచ్చులు వేసేది. నేను చూడబోయిన ఒకనాడు ఎవరిదో పెళ్లిచీర పిల్లి పోసి తడిసింది. అత్త అరవలేదు. చీరను ఒళ్లో పెట్టుకుని, "పిల్లి ఉంటాదో, నా పని ఉంటాదో నువ్వే చెప్పయ్యా. రెండూ ఉండవు" అంది. హిందూపురంలో మా పెరట్లో మన్నుంది కదా, నేను తీసుకుపోతానని అన్నాను.

వెదురుబుట్టలో పెట్టి, గుడ్డ కట్టి, ప్యాసింజర్ రైలెక్కాను. బుట్ట సర్దడానికని పెట్టెలోకెక్కిన మామ దిగలేదు. పెనుకొండ దాకా బుట్ట మీద చెయ్యి తీయలేదు. అక్కడ దిగబోతూ వెదురు సందులోంచి వేలు పెట్టి, "వస్తానే" అన్నాడు. పొమ్మని అనలేకపోయాడు.

మా పెరట్లో అది చక్కగా గుంత తవ్వుకుంది, పని కానిచ్చింది, కప్పెట్టింది. వెంటనే ఫోన్ చేశాను. "కప్పిందా? బాగా కప్పిందా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. తెల్లారి చూస్తే పిల్లి లేదు. వీధి వీధీ తిరిగాను. పట్టాల వెంట కూడా నడిచాను. దొరకలేదు.

రైలుకట్ట పట్టుకుని ఇంటికే వస్తుందని మామ నమ్మాడు. గడ్డపార తెచ్చి నడింట్లో టైల్స్ పగలగొట్టి, గుంత తవ్వి, మన్ను పోశాడు. ప్రాణంలా చూసుకున్న టైల్స్ పగులుతుంటే అత్త చీరల మూట పక్కకు జరుపుకుని, "రానీలే, వస్తే రానీ" అంది.

అది రాలేదు. రాదని ఇప్పుడు ముగ్గురికీ తెలుసు. ఎదురింటి అమ్మాయికి కాఫీ ఇచ్చి డాక్టరు మాటలే చెప్పాను, వాసనలేని ఇసుక తెచ్చుకోమన్నాను. మీ పిల్లికి కుదిరిందా అని అడిగితే మాట మార్చాను. పోయిన నెల ధర్మవరం పోయినప్పుడు కూడా మామ ఆ గుంతలో కాళ్లు దించుకుని ఊరికే కూర్చున్నాడు, ఓ మూల మన్నును మాత్రం తొక్కకుండా. కాలం అన్నిటినీ పూడుస్తుందంటారు గానీ, ఆ ఇంట్లో ఆ మూల మన్ను ఇన్నేళ్లుగా పొడిగానే ఉంది.