హన్నా పెళ్లికార్డులో పిల్లవాడి పిలుపు

ఆ ఏడాది హన్నాకి కాళ్లు నేలమీద ఆనలేదు. ప్రేమ్‌తో పెళ్లి కుదిరింది. పైగా, ఆ హిందీ ఊళ్లో తెలీబంధా చెరువు దగ్గర తను పనిచేసే చిన్న కంపెనీలో పెళ్లికార్డులు తయారుచేసే ప్రోగ్రాంని ఒంటిచేత్తో బాగుచేసింది.

అంతకుముందు ఒక్క కార్డు సేవ్ చేస్తే ఫైలు చాంతాడంత అయ్యేది. అంచు మామూలు ఎరుపే, అక్షరాలు మామూలు సైజే, అయినా ఒక్కోదానికీ ముందో ట్యాగు, వెనకో ట్యాగు తగిలించి మరీ రాసేది ఆ ప్రోగ్రాం. ఎందుకీ సోదంతా అనుకుంది హన్నా. మామూలుగా ఉన్నదాన్ని వదిలెయ్, మార్చినదాన్నే రాయి అని దానికి నేర్పింది. ఫైల్లో లేనిదాన్ని, తెరిచేటప్పుడు ప్రోగ్రామే తనకి తెలిసిన మామూలు విలువతో నింపుకుంటుంది. ఫైళ్లు చిక్కి సగమయ్యాయి. యజమాని ఉమేష్ సమోసాలు తెప్పించాడు. హన్నా ఒకటి నోట్లో పెట్టుకుని కుర్చీలో గిరగిరా తిరిగింది.

ఇంత సంబరంలోనూ ఒక బెంగ ఉంది. కాబోయే మావగారు వెంకటరత్నం రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆమె చేపల పులుసు వండి తీసుకెళితే తిని చెయ్యి కడుక్కున్నారు, అంతే. చర్చిలో పాడితే విని కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఉప్పు తగ్గిన రోజు మాత్రం తగ్గిందని చెప్పారు. ఆయనకి నేను నచ్చలేదు అని హన్నా తేల్చేసుకుంది. ప్రేమ్ ఎంత చెప్పినా వినలేదు.

ఆయన మెప్పు కోసమే పెళ్లికార్డు తనే ఆ ప్రోగ్రాంలో తయారుచేసింది. పేర్లు, చర్చి, సమయం, ఒక వాక్యం. అదనంగా ఒక్క ముక్క లేదు. ఆయన చూసి, తలాడించి, తిరిగిచ్చేశారు.

ఈలోగా ఉమేష్‌కి ఓ ఆలోచన వచ్చింది. ఇక్కడి హిందీ కార్డుల అడుగున, ఇంట్లో పసివాళ్లు ముద్దుమాటలతో పిలుస్తున్నట్టు ఓ లైను ఉంటుంది. ప్రోగ్రాంలో ఆ చోటు మామూలుగా ఖాళీ. అందరూ అడుగుతున్నారు కదా, ఇకనుంచి ఆ లైనునే మామూలు చేసెయ్యమన్నాడు. హన్నా పాట పాడుకుంటూ చేసేసింది. పాత ఫైళ్లలో ఆ చోటు ఖాళీ అన్న సంగతి తనే రాయనివ్వలేదని పాటల పిల్లకి తట్టలేదు.

ప్రెస్సువాళ్లు కొత్త ప్రోగ్రాంతో ఆమె కార్డు తెరిచారు, అచ్చేశారు, కట్టలు తిన్నగా వెంకటరత్నం ఇంటికి పంపారు. ఆయన చర్చిలో పంచేశాక గాని హన్నా ఒకటి చూడలేదు. బైబిలు వాక్యం కింద, గులాబీరంగులో, “మేలే చాచూ కీ షాదీ మే జలూల్ జలూల్ ఆనా.” మా బాబాయి పెళ్లికి తప్పకుండా రావాలట. ప్రేమ్ ఒక్కడే కొడుకు. చాచూ అని పిలవడానికి ఆ ఇంట్లో పిల్లికూన కూడా లేదు.

పెళ్లి తప్పిపోయిందనే అనుకుంది. స్కూటీ మీద పరుగున వెళ్లి, మావగారి గుమ్మంలోనే నిలబడి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

ఆయన ఆసాంతం విన్నారు. “అంటే, మామూలుగా ఉంటే చెప్పక్కర్లేదు, తేడా ఉంటేనే చెప్పాలి. అంతేనా?”

“అంతేనండీ మావయ్యగారూ.”

“నేనూ అంతేనమ్మా. పులుసు బాగుంది, పాట బాగుంది, నువ్వు బాగున్నావ్. చెప్పడానికేవుంది?” కార్డు తిప్పి చూసుకున్నారు. “ఆ పిల్లాడెవడని అందరూ అడుగుతున్నారు. పెళ్లికొస్తే చూద్దాం, అంతే, అన్నాను.”

హన్నాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ ఆయన చెప్పని చోటల్లా తనే ‘నచ్చలేదు’ అని నింపుకుంటూ వచ్చింది. సంతోషం పట్టలేక నోరు జారింది కూడా.

“మరి రైలుబండి బాగున్నప్పుడు కూడా పచ్చజెండా ఊపేవారు కదండీ?”

ఆయన కార్డు పక్కన పెట్టారు. లేచి లోపలికి వెళ్లిపోయారు. కొంప ముంచుకున్నానని హన్నా నాలుక కరుచుకుని స్కూటీ స్టార్ట్ చేసింది. వీధి మలుపులో ఎందుకో అద్దంలోకి చూసింది.

వెంకటరత్నం గేటు బయట నిలబడి, వెలిసిపోయిన పచ్చజెండా ఊపుతున్నారు.