కీర్తనల బోర్డు మీది అంకెలు

మా నాన్న సుందర్‌రాజ్ నాంపల్లి స్టేషన్లో రిజర్వేషన్ క్లర్కు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. చర్చిలో ఇప్పటికీ నన్ను చూస్తే ఎవరైనా ముందు నవ్వుతారు, తర్వాత గుర్తొచ్చి సర్దుకుంటారు. ఆ నవ్వులో తప్పేం లేదు. నాన్న అందరినీ ఏదో ఒక ప్రశ్నతో సతాయించినవాడే.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికేవాడు. చిక్కులెక్కల పుస్తకం దొరికితే ఆ వారమంతా టికెట్ల కోసం వచ్చినవాళ్లకి కూడా తప్పేది కాదు. నలభై ఒక్క మంది నాకౌట్ ఆడితే మొత్తం ఎన్ని మ్యాచ్‌లు అని అడిగేవాడు. వాళ్లు వేళ్లు మడుస్తుంటే, ఒక్కో మ్యాచ్ ఒకణ్ణి ఇంటికి పంపుతుంది, నలభై మంది ఇంటికి పోవాలి, కనుక నలభై అని చెప్పి టికెట్ చేతిలో పెట్టేవాడు.

ఏటా నవంబరులో మా చర్చికీ సికింద్రాబాద్‌లోని ఒక చర్చికీ క్యారమ్స్ పోటీ ఉండేది. నలుగురి జట్టు. ముగ్గురి విషయంలో ఎప్పుడూ పేచీ లేదు. నాలుగో చోటు కోసం మేం ముగ్గురం: మొబైల్ షాపులో పనిచేసే జెస్విన్, నేను, రిటైరయ్యాక చర్చి క్యారమ్స్ క్లబ్బులో చేరిన ఎమిలీ టీచర్. ముగ్గురం సరిసమానం. ఆడించి తేల్చబోతే ఒక ఏడాది గొడవై, రెండు కుటుంబాలు వేర్వేరు బెంచీల్లో కూర్చున్నాయి. అప్పుడు నాన్న కాగితం మీద టోర్నమెంటు నడుపుతానన్నాడు. ఆట ఉండదు, అదృష్టమే ఆడుతుంది, ఎవరూ ఎవర్నీ తిట్టుకోరు.

పాచికలు వేస్తానంటే పెద్దలు ఒప్పుకోలేదు. సిలువ కింద సైనికులు యేసు బట్టల కోసం చీట్లు వేసింది గుర్తు లేదా అన్నారు. నాన్న తల ఊపి, మర్నాడే వేరే దారి కనిపెట్టాడు. గోడ మీద చెక్కబోర్డులో ప్రతి ఆదివారం మూడు కీర్తనల నంబర్లు పెడతారు. వాటి చివరి అంకెలు తీసుకున్నాడు. మొదటి కీర్తన జెస్విన్‌కీ నాకూ, రెండోది నాకూ ఎమిలీ టీచర్‌కీ, మూడోది జెస్విన్‌కీ టీచర్‌కీ. అంకె సున్నా నుంచి నాలుగు దాకా అయితే ముందు పేరున్నవాళ్లు గెలిచినట్టు, ఐదు నుంచి తొమ్మిది దాకా అయితే రెండోవాళ్లు. రెండు గెలిస్తే ఆ వారం టోర్నమెంటు వాళ్లది, తలా ఒకటైతే ఎవరిదీ కాదు. జులై నుంచి అక్టోబరు దాకా పదిహేడు ఆదివారాలు, ఎక్కువ వారాలు గెలిచినవాళ్లకి నాలుగో చోటు. దేవుని పాటలే కదా, పెద్దలకి అభ్యంతరం లేదు.

వరుసగా ఐదేళ్లు జెస్వినే వెళ్లాడు. నేను జట్టు వెంట టిఫిన్ డబ్బాలు మోసుకుని పోయి, వచ్చాను. ఒక్కసారి ఆ పోటీలో క్యారమ్ బోర్డు ముందు కూర్చోవాలని నాకు ఎంత ఉండేదో నాన్నకి తెలుసు. తెలిసీ, అంకెలు చెప్పిందే ఖాయమనేవాడు.

ఆరో ఏడు జూన్లో మా పాస్టరు అయ్యగారికి గొంతు బాగాలేక, పాటలు ఎంచే పని క్వయరులో కీబోర్డు వాయించే నా మీద పడింది. ఇంక నేను ఊరుకుంటానా? మొదటి పాట నంబరు చివర పెద్ద అంకె, రెండో పాట నంబరు చివర చిన్న అంకె, అంటే ఇద్దరి మీదా గెలుపు నాదే. పదిహేడు వారాలూ అట్లాగే పెట్టాను. నాలుగో చోటు నాదే.

అక్టోబరు చివరి ఆదివారం నాన్న బూట్లు కూడా విప్పకుండా అంకెలు రాసుకున్న నోటుబుక్కు నా ముందు పెట్టాడు.

"బిడ్డా, అదృష్టం జర తాగినోడి లెక్క నడుస్తది. నీ పాటలు ఏంది గిట్లా పోలీసు పరేడ్ చేస్తున్నయి?" అన్నాడు. అది దానంతటదే జరగడానికి దాదాపు పదిహేడు వందల కోట్లలో ఒక్క వంతు అవకాశముందని చెప్పి, నాలుగో చోటు నాకు లేదన్నాడు.

నాకు కోపం వచ్చింది. "మరి ఐదేండ్లు జెస్వినే ఎట్ల గెలిచిండు డాడీ? అయ్యగారి గొంతు పైకి లేవదు. తిప్పితిప్పి ఆ పాతిక పాటలే పెడతడు. ఎన్నడన్న చూసినవా?"

నాన్న పాత నోటుబుక్కులు దించి కూర్చున్నాడు. ఐదేళ్లలో బోర్డు మీద పెట్టిన రెండువందల యాభై ఐదు నంబర్లలో నూట ఎనభై ఒకటి చిన్న అంకెలే. అయ్యగారి ఇష్టమైన పాటల నంబర్లు అట్లా ఉన్నాయి, అంతే. ప్రతిసారీ ముందు పేరున్నది జెస్విన్. ప్రతిసారీ వెనక ఉన్నది ఎమిలీ టీచర్. ఎనభై ఐదు టోర్నమెంట్లలో ఆవిడకి దక్కినవి ఏడు.

మర్నాడు సాయంత్రం ఆ బుక్కులు పట్టుకుని గన్‌ఫౌండ్రీలో టీచర్ ఇంటికి వెళ్లాడు. నన్నూ తీసుకెళ్లాడు, శిక్షగా. తప్పంతా చెప్పి, ఈ ఏడు చోటు మీదే అన్నాడు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని పేజీలన్నీ తిప్పింది.

"సుందర్‌రాజ్ గారూ, ఐదేళ్లు నేను ఓడిపోయానని చెప్పారు. నేను ఒక్కసారి కూడా ఆడలేదే?"

ఊరికే ఇచ్చే చోటు తనకొద్దని, క్యారమ్ బోర్డు మీద ఆడించి తేల్చమని అంది. జెస్విన్‌కి కబురు పెడితే, ఏటా ఆ రోజు షాపులో సెలవు దొరక్క చచ్చిపోతున్నానని, తనని వదిలెయ్యమని సంతోషంగా తప్పుకున్నాడు.

శనివారం హాల్లో బోర్డు వేశాం. ముందు ఇరవై ఐదు పాయింట్లు చేసినవాళ్లది చోటు. వందకు పైగా టోర్నమెంట్లు కాగితం మీద నడిపిన నాన్న, ఒక ఆటని మొదట్నుంచి చివరిదాకా చూడడం అదే మొదటిసారి. స్ట్రైకర్ కదిలినప్పుడల్లా పెన్ను మూత కొరికాడు. ఇరవై నాలుగు - ఇరవై నాలుగు. నాకు ఒకే కాయిన్ మిగిలింది, పాకెట్ అంచున. కొట్టాను. అది పాకెట్ నోట్లో వణికి ఆగిపోయింది. టీచర్ తన చివరి రెండూ వరసగా వేసి, రుమాలుతో పౌడర్ తుడుచుకుంది.

నాన్న ముందుకు వంగాడు. "టీచర్, ఒక్క ఆటతోని ఏం తెల్వది. లెక్క ప్రకారం వందన్న ఆడాలె."

"ఆడండి, మీరిద్దరూ. నేను సికింద్రాబాద్ పోయొస్తాను," అని ఆవిడ స్ట్రైకర్ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్లిపోయింది.

వంద ఆటలు నిజంగానే మొదలుపెట్టాం, ఇంట్లో, నాన్నా నేనూ. ఆయనకి స్ట్రైకర్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాలేదు. ఆయన పోయేనాటికి అరవై మూడో ఆట దాకా వచ్చాం. నాలుగు ఆయన గెలిచాడు. అందులో రెండు నేను కావాలని వదిలేసినవి. ఏ రెండో ఆయన పట్టుకోలేకపోయాడు.